పత్తి విత్తనాల్లో హెచ్‌టీ (కలుపు మందును తట్టుకునే) జన్యువు: డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్‌లో రెఫరెన్స్ చానెల్ నిండిపోతోంది

ఓరుగల్లు_ల్యాబ్:
వరంగల్‌లో పత్తి విత్తన శాంపిళ్లకు డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్ (శాంపిల్‌ను వేల చుక్కలుగా విడదీసి, జన్యువున్న చుక్కలను లెక్కపెట్టే పరీక్ష) చేస్తున్నం. సీపీ4 ఈపీఎస్‌పీఎస్ అనే హెచ్‌టీ జన్యువుకు ఫ్యామ్ రంగు, ప్రతి పత్తిలో ఉండే శాడ్1 రెఫరెన్స్ జన్యువుకు హెక్స్ రంగు, రెండూ ఒకే వెల్‌లో (ప్లేటులోని గుంటలో) డ్యూప్లెక్స్‌గా పెడుతున్నం. వెల్‌కు 500 నానోగ్రాముల డీఎన్‌ఏ. హెక్స్‌లో నెగెటివ్ (జన్యువు లేని) డ్రాప్లెట్లు నాలుగైదే మిగులుతున్నయ్. ఫ్యామ్‌లో పాజిటివ్, నెగెటివ్ గుంపుల నడుమ రెయిన్ (ఎటూ తేలని చుక్కలు). డీఎన్‌ఏ లేని వెల్‌లోనూ 2-3 పాజిటివ్‌లు. 0.1 శాతం కల్తీని ఎట్ల తేల్చాలె?

పిపెట్_హన్మకొండ:
డీఎన్‌ఏ మరీ ఎక్కువైంది. పత్తి జీనోమ్ ఒక్కో కాపీ సుమారు 2.4 పికోగ్రాములు. అంటే నానోగ్రాముకు 400కు పైగా, మీ 500కు 2 లక్షల కాపీలు. డ్రాప్లెట్ 0.85 నానోలీటర్లయితే 20 మైక్రోలీటర్లలో 23,500 డ్రాప్లెట్లు. ఒక్కోదాంట్ల సగటున ఎనిమిదిన్నర కాపీలు. పాయిసన్ లెక్కకు (నెగెటివ్‌ల వాటా నుంచి సగటు కాపీలు తేల్చే సూత్రం) ఆధారమే నెగెటివ్‌లు, అవి లేకుంటే లెక్కెక్కడిది? 100 నానోగ్రాములకు దింపండి. 20,000లో 4,000 నెగెటివ్‌లుంటే సగటు 1.61, 0.85తో భాగిస్తే మైక్రోలీటరుకు 1,890 కాపీలు. 10,000 కంటే తక్కువ డ్రాప్లెట్లున్న వెల్ పక్కన పెట్టండి.

కాజీపేట_విత్తనం:
రెయిన్‌కు పెద్ద కారణం పొడుగు డీఎన్‌ఏ. మిక్స్‌లోనే వెల్‌కు 2 నుంచి 5 యూనిట్ల రిస్ట్రిక్షన్ ఎంజైమ్ (డీఎన్‌ఏను కత్తిరించేది) వేయండి, హే-త్రీ లాంటిది. మీ ఆంప్లికాన్‌లో (పీసీఆర్ పెంచే ముక్కలో) దాని కోత సైట్ లేదని ముందే చూసుకోవాలె, ఉంటే వేరేది. ర్యాంప్ (వేడి మారే వేగం) సెకనుకు 2 డిగ్రీలు దాటొద్దు. అనీలింగ్ (ప్రైమర్లు డీఎన్‌ఏకు అతుక్కునే వేడి) 55 నుంచి 65 దాకా గ్రేడియంట్ పెట్టి, గుంపులు బాగా విడిపోయిన చోట ఆగండి. డ్రాప్లెట్లను ప్లేటులోకి పిపెట్ చేసేటప్పుడు తొందర పనికిరాదు, 40 మైక్రోలీటర్లకు ఐదు సెకన్లన్నా పట్టాలె. చిట్లితే అది కూడా రెయిన్‌గానే కనిపిస్తది. పత్తి సారం గోధుమరంగుకు తిరిగితే పాలీఫినాల్సే. డీఎన్‌ఏ తీసే సీటాబ్ బఫర్‌లో పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ కలపండి.

ఓరుగల్లు_ల్యాబ్:
సరే. ఖాళీ వెల్‌లో వచ్చేవాటి సంగతి?

పిపెట్_హన్మకొండ:
క్యారీ-ఓవర్ (పాత పీసీఆర్ డీఎన్‌ఏ వచ్చి కలవడం) అనుమానించండి, మిక్స్ కలిపే గది వేరుగా ఉండాలె. 100 నానోగ్రాములకు 0.1 శాతమంటే దాదాపు 40 కాపీలు. నాలుగు వెల్స్ కలిపితే 160. ఖాళీ వెల్స్ కూడా నాలుగు పెట్టి, వాటి లెక్కతో పోల్చండి.

ఒక చిక్కుంది. సంకర విత్తనంలో ఈవెంట్ (చొప్పించిన జన్యువు) ఒక్క తల్లిదండ్రి నుంచే వస్తే కాపీలు సగమే. పైగా మాన్88913 అనే హెచ్‌టీ పత్తి ఈవెంట్‌లో ఈ జన్యువు కాసెట్లు (పూర్తి ప్రతులు) రెండు. ఎంజైమ్ వాటిని విడగొడితే లెక్క మళ్లీ రెట్టింపు. శాతం చెప్పాలంటే ఈవెంట్ సరిహద్దు ప్రైమర్లే (చొప్పించిన ముక్క, పత్తి డీఎన్‌ఏ కలిసే చోటును పట్టేవి) వాడండి. 3,000 గింజలకు తక్కువ పొడి చేస్తే, 0.1 శాతం కల్తీ శాంపిల్‌లోకే రాకపోవచ్చు. మిషన్ ఎంత మంచిదైనా లాభం లేదు.