జర్మనీ వెళ్లేముందు భాష నేర్చుకోవాలా, అక్కడికెళ్లాక చూసుకోవచ్చా?

మారతహళ్లి ఒంగోలు:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు సైడు, బెంగళూరొచ్చి చాలా ఏళ్లయింది, మారతహళ్లిలో ఉంటాం. నాకు మ్యూనిక్‌లో ఆఫర్ వచ్చింది, బ్లూ కార్డ్ వీసా (డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చేది), టీం అంతా ఇంగ్లీషే అని ఇంటర్వ్యూలోనే చెప్పారు. మా ఆవిడ, నాలుగేళ్ల బాబు కూడా వస్తారు. నోటీస్ పీరియడ్ మూడు నెలలు. ఈ మూడు నెలలు జర్మన్ క్లాసులకి పోవాలా వద్దా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఆఫీసులో వాళ్లు అక్కడ అందరికీ ఇంగ్లీష్ వచ్చు, టైం వేస్ట్ అంటున్నారు, మా బావమరిది మాత్రం భాష రాకుండా పోవద్దు బావా అని పట్టుబడుతున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

బెల్లందూర్ కడప:
అవసరం లేదు బ్రో. నేను బెంగళూరొచ్చి ఇన్నేళ్లయింది, కన్నడ నాలుగు ముక్కలు రావు, నాకేం ఆగింది? కూరగాయలాయన తెలుగు, ఆటోవాలా తెలుగు, ఓనర్ తెలుగు. ఐటీ ఎక్కడైనా ఇంగ్లీషే. మూడు నెలలు కష్టపడితే వచ్చేది ఏ1 (ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి పోయే లెవెల్స్‌లో మొదటిది), అంటే పేరు చెప్పుకోవడం, టైం అడగడం, కాఫీ ఆర్డర్ చేయడం అంతే, నువ్వు తడుముకుంటూ మొదలుపెట్టగానే ఎదుటివాడు ఇంగ్లీషులోకి మారిపోతాడు. అదే మూడు నెలలు సబ్జెక్ట్ మీద పెడితే ప్రొబేషన్‌లో గట్టిగా నిలబడతావు. ఇప్పుడున్న మార్కెట్‌లో రెండేళ్లకి తిరిగి రావాల్సొస్తే ఆ జర్మన్ ఇక్కడ ఎవరికి చెప్పుకుంటావు? ఉత్తరాలొస్తే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ ఉంది కదా.

వైట్‌ఫీల్డ్ అక్క:
తమ్ముడూ, మేం స్టుట్‌గార్ట్‌లో ఉండొచ్చాం, పిల్లల చదువుకోసం తిరిగి వైట్‌ఫీల్డ్ వచ్చేశాం. నా మాట సూటిగా చెప్తా, నేర్చుకునే వెళ్లండి, ముఖ్యంగా మీ ఆవిడ. ఇక్కడ అందరూ ఆఫీసు గురించే మాట్లాడుతున్నారు. ఆఫీసులో మీకు ఇంగ్లీషుతో గడిచిపోతుంది, అది నిజమే. కానీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఊళ్లో ఒంటరిగా తిరిగేది ఎవరు? బాబుని కిటాలో, అంటే అక్కడి అంగన్‌వాడీ లాంటి దాంట్లో దింపేది, టీచర్ చెప్పేది వినేది, డాక్టర్‌కి ఫోన్ చేసేది ఎవరు?

ఒక్కటి చెప్తా వినండి. బాబుకి రాత్రి నుంచి చెవిపోటు, పొద్దున క్లినిక్‌కి ఫోన్ చేస్తే ముందు రికార్డింగ్ వస్తుంది, ప్రిస్క్రిప్షన్‌కి ఒకటి నొక్కండి, అపాయింట్‌మెంట్‌కి రెండు నొక్కండి అని, అదంతా గడగడా జర్మన్‌లో. అది దాటి రిసెప్షన్ అమ్మాయి ఎత్తితే ఇన్సూరెన్స్ ఏది, పుట్టినతేదీ ఏంటి, జ్వరం ఎంత అని వరసగా అడుగుతుంది. డాక్టర్ గారికి ఇంగ్లీష్ బాగానే వస్తుంది, కానీ ఆయన దాకా వెళ్లాలంటే ఈ అమ్మాయిని దాటాలి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని మాట్లాడేలోపు వాళ్లు పెట్టేస్తారు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే మీటింగ్‌లో ఉన్న భర్తకి ఫోన్ చేస్తారు, ఆయన జర్మన్ వచ్చిన కొలీగ్‌ని బతిమాలి ఫోన్ చేయిస్తాడు. ఇక్కడ సొంతంగా జీతం తెచ్చుకుని స్కూటీ వేసుకుని సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో తిరిగిన మనిషి, అక్కడ చిన్న ఫోన్ కాల్‌కి ఇద్దరు మగాళ్ల మీద ఆధారపడాల్సొస్తుంది. ఆ నలుగుడు ఎవరితోనూ చెప్పుకోరు. మా బిల్డింగ్‌లోనే అలా ముడుచుకుపోయినవాళ్లని చూశాను నేను.

ఉత్తరాలు యాప్‌తో చదువుకోవచ్చు, కాదనను. కానీ ఏది ముందు చదవాలో తెలియాలి కదా. అడ్రస్ నమోదు చేయించుకున్నాక టీవీ రేడియో చందా అని ఉత్తరం వస్తుంది, ఇంటికి నెలకి 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాల్సిందే, చాలామంది ప్రకటన అనుకుని పక్కన పడేస్తారు. పసుపు కవర్ వస్తే అది ఇంకా వేరు, అది ఆఫీసుల నుంచో కోర్టు నుంచో వచ్చే నోటీసు, పోస్ట్‌మ్యాన్ కవర్ మీద తేదీ రాసి డబ్బాలో వేస్తాడు, ఆ తేదీ నుంచే గడువు మొదలవుతుంది, ట్రాఫిక్ ఫైన్ మీద అభ్యంతరం చెప్పాలంటే రెండు వారాలే. ప్రభుత్వ ఆఫీసుల భాష జర్మన్ అని అక్కడి చట్టంలోనే రాసుంది, కౌంటర్‌లో ఆవిడకి ఇంగ్లీష్ వచ్చినా మాట్లాడాలని రూలేం లేదు.

బెల్లందూర్ కడప:
అక్కా, మీ అనుభవాన్ని కాదనట్లేదు. కానీ బ్లూ కార్డ్ వాళ్ల భార్యకి ఏ1 పరీక్ష కూడా అక్కర్లేదు, మినహాయింపు ఉంది. వెళ్లిన మొదటి రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అక్కడి ప్రభుత్వమే వద్దంటుంటే మనమెందుకు నెత్తినేసుకోవాలి? పైగా వెళ్లాక అక్కడే కొత్తగా వచ్చినవాళ్లకి భాష నేర్పే ఇంటిగ్రేషన్ కోర్స్ ఉంది, ఊళ్లో ఉండి నేర్చుకుంటే తొందరగా వస్తుంది.

వైట్‌ఫీల్డ్ అక్క:
ప్రభుత్వం వద్దనలేదు తమ్ముడూ, వీసాకి అడగట్లేదు అంతే. వాళ్లకి కావాల్సింది ఇంజినీరు, ఆయన తొందరగా రావాలని భార్యకి పరీక్ష తీసేశారు. ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చని వీసా మీద ఉంటుంది, ఉద్యోగం ఇచ్చేవాడు మాత్రం జర్మన్ అడుగుతాడు. ఆ మినహాయింపు చూసి నిశ్చింతగా వెళ్లినవాళ్లే ఇంట్లో ఉండిపోతున్నారు.

ఇంటిగ్రేషన్ కోర్స్ మంచిదే. బీ1 దాకా మామూలుగా 600 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు, దాని మీద చట్టం, చరిత్ర మరో 100. కానీ పిల్లాడికి కిటాలో సీటు దొరికితే కదా తల్లి ఆ క్లాసుకి వెళ్లేది! పెద్ద ఊళ్లలో ఆ సీటు కోసం నెలలు నెలలు ఎదురుచూడాలి. ఇక్కడైతే అమ్మమ్మ ఉంటుంది, పక్కింటివాళ్లుంటారు, పనిమనిషి ఉంటుంది. చదువుకునే టైం ఇక్కడే ఉంది, అక్కడ కాదు.

కోలార్ కుర్రోడు:
మధ్యలో వస్తున్నా క్షమించండి. కడప అన్నా, నీకు బెంగళూరులో కన్నడ లేకుండా గడవడానికి కారణం కోలార్, చింతామణి, బాగేపల్లి నుంచి వచ్చిన మాలాంటోళ్లు. మా ఇళ్లల్లో తెలుగు, బడిలో కన్నడ, రెండూ వస్తాయి కాబట్టి నువ్వు నోరు తెరవగానే మేం తెలుగులోకి వస్తాం. ఆ కష్టం మేం పడ్డాం. మ్యూనిక్ పక్కన కోలార్ లేదన్నా. బెంగళూరు లెక్క అక్కడ పెట్టకు. ఇంకోటి, కన్నడ అక్షరాలు మన అక్షరాలకి అంత దగ్గర, అయినా బస్సు బోర్డు చదవనోళ్లు మన పీజీలోనే ఎంతమందో. ఇక్కడ నేర్చుకునే అలవాటు లేకపోతే అక్కడికెళ్లాక ఉన్నట్టుండి ఎలా వస్తుంది?

బెల్లందూర్ కడప:
ఆ మాట నిజమే తమ్మీ. కన్నడ విషయంలో నీతో వాదించను. కానీ ఆయన అడిగింది మూడు నెలల్లో ఏం చేయాలని, అందులో టీం మారడం, ఇల్లు ఖాళీ చేయడం, బండి అమ్మడం, సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. ఆయన వరకు నా సలహా అదే, సబ్జెక్ట్ ముందు.

హెబ్బాళ నర్సమ్మ:
నేను ఇక్కడ హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేస్తూ జర్మన్ నేర్చుకుంటున్నా, బీ1 అయింది, బీ2 రాయాలి. మాకు బీ2 లేకపోతే అక్కడ నర్సు లైసెన్స్ రావడం కష్టం. ఐటీ అన్నలు చర్చిస్తున్నారు నేర్చుకోవాలా వద్దా అని, మాకు ఆ చాయిసే లేదు. పరీక్ష నాలుగు భాగాలు, చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, బీ1 నుంచి విడివిడిగా రాసుకోవచ్చు, ఒక్కోదాంట్లో వందకి 60 రావాలి. నాకు వినడమే కష్టమైంది, రైల్వే అనౌన్స్‌మెంట్ పెడతారు, ప్లాట్‌ఫాం నంబర్ పట్టుకునేలోపు అయిపోతుంది. మూడు నెలల్లో ఏ1 అవుతుంది అన్నా, రోజూ కూర్చుంటే ఏ2 సగం కూడా అవుతుంది. ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది, అక్కడే క్లాసులు, అక్కడే పరీక్ష. బ్యాచ్‌లు తొందరగా నిండిపోతాయి, ఇవాళే కనుక్కోండి.

ఇంకోటి, బ్లూ కార్డ్ వాళ్లకి పర్మనెంట్ రెసిడెన్సీ 27 నెలలకి, దానికి ఏ1 చాలు. బీ1 ఉంటే 21 నెలలకే. ఆరు నెలలు కలిసొస్తుంది. పౌరసత్వానికి 5 ఏళ్లు, బీ1. మూడేళ్లకే వస్తుందని ఇంకా కొన్ని వీడియోల్లో చెప్తున్నారు, ఆ దారి 2025లో తీసేశారు, నమ్మకండి.

మారతహళ్లి ఒంగోలు:
ఇది నేను కాదు, నా భార్య రాస్తోంది. అన్నీ చదివాను. అక్కగారికి, చెల్లికి థ్యాంక్స్. నాది అకౌంట్స్ పని, ఇక్కడ ఒక కంపెనీలో జీఎస్టీ ఫైలింగ్ అంతా నేనే చూస్తాను. అక్కడ ఉద్యోగాలు వెతికి చూశాను, బుక్‌కీపింగ్ పోస్టు ఏది తెరిచినా జర్మన్ బాగా రావాలనే ఉంది, ఏడాది చివర వేసే లెక్కల నివేదిక కూడా వాళ్ల చట్టం ప్రకారం జర్మన్‌లోనే ఉండాలి. ఏ1తో నా పని నాకు రాదు, ఎంత లేదన్నా బీ2 కావాలి. అందుకని నేను ఒకటి అనుకుంటున్నా. ఈయన ముందు వెళ్లి ప్రొబేషన్ పూర్తి చేసుకుంటారు, నేను బాబుతో ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకుంటూ బీ1 దాకా చదువుకుని వస్తాను, మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఉంటానంది. అత్తయ్యగారు వాళ్లు మొగుడూపెళ్లాలు విడిగా ఉండటమేంటి అంటున్నారు. ఇలా చేసినవాళ్లు ఉన్నారా?

వైట్‌ఫీల్డ్ అక్క:
ఉన్నారమ్మా, మాకు తెలిసిన రెండు కుటుంబాలు అలాగే వచ్చాయి. ప్రొబేషన్ మామూలుగా ఆరు నెలలు, ఈలోపు ఆయన ఇల్లు వెతకాలి, కిటా లిస్టులో బాబు పేరు రాయించడానికి తిరగాలి, అవన్నీ అయ్యాక మీరు వెళ్తే బాబుకీ తేలిక. అత్తయ్యగారికి ఉద్యోగం సంగతి చెప్పండి, ఆ మాట అర్థమవుతుంది. ఆయన్ని కూడా వదలొద్దు, కనీసం ఏ1 రాసి విమానం ఎక్కమనండి, ఇల్లు చూపించే ఓనర్‌తో మాట్లాడాల్సింది ఆయనే.

బెల్లందూర్ కడప:
చెల్లెమ్మా, మీ ప్లాన్ బావుంది. మీ ఆయన ఏ1 గురించి మాత్రం నేను ఇంకా ఒప్పుకోను, అది నాకూ ఆయనకీ వీకెండ్‌లో తేలాలి.

హెబ్బాళ నర్సమ్మ:
అక్కా, బీ1 మొదలయ్యాక కలిసి మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి, లేకపోతే స్పీకింగ్ రాదు. నాకు ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీ. మీరు ఏ2 అవ్వగానే ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో రోజూ అరగంట మాట్లాడుకుందాం.