గీజర్ వేస్తే ఇల్లంతా కరెంటు పోతోంది: ఆర్‌సీసీబీ తీసేయడం సరైనదేనా?

పర్లాకిమిడి ఇల్లు:
మా అమ్మ పర్లాకిమిడిలో ఒక్కతే ఉంటుంది, నేను ఉద్యోగం మీద బరంపురంలో ఉన్నాను. నాలుగు రోజులుగా గీజర్ స్విచ్ వేసిన రెండు నిమిషాలకి ఇల్లంతా చీకటి. వీధిలో అందరికీ కరెంటు ఉంది. ఎంసీబీలన్నీ (లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడే స్విచ్‌లు) పైకే ఉన్నాయి, మెయిన్ పక్కనున్న ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) ఒక్కటే పడిపోతోంది. అమ్మ స్టూలెక్కి దాన్ని లేపలేదు. ఫ్రిజ్‌లో ఆవిడ ఇన్సులిన్ ఉంటుంది, అదీ నా టెన్షన్. నిన్న వచ్చిన మిస్త్రీ "ఇక్కడి వోల్టేజీకి ఇది నిలబడదు, తీసేసి డైరెక్టు ఇచ్చేస్తాను" అన్నాడట. నేను ఆదివారం గానీ రాలేను. తీయించేయమంటారా?

గుణుపూర్ బాబాయ్:
తీయించెయ్యి బాబూ. మా ఇంట్లో ముప్పై ఏళ్లు ఫ్యూజు తీగతోనే గడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. గాలివాన వస్తే కరెంటు పోవడం మనకి మామూలే. 2018లో తిత్లీ తుఫానుకి మీ గజపతి జిల్లా ఎన్ని రాత్రులు చీకట్లో ఉందో నీకూ తెలుసు. ఉన్న కరెంటు కూడా ఈ పెట్టె వల్ల పోతే ఎలా? ఎంసీబీ ఉంది కదా, అది చాలు. ముసలావిడ చీకట్లో తడుముకుంటూ పడితే తుంటి విరుగుతుంది. నాకు ఆ భయమే పెద్దది.

వైరింగ్ పని, రాయగడ:
బాబాయ్ గారి భయం నిజమే, కానీ ఎంసీబీ చాలన్న మాట మాత్రం ప్రమాదం. 2 కిలోవాట్ల గీజర్ మామూలుగానే 8, 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించితేనో, షార్ట్ అయితేనో పడుతుంది. మనిషిని చంపడానికి అంత కరెంటు అక్కర్లేదు. ఇంట్లో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది, అంటే ఒక ఆంపియర్‌లో వందకి మూడు వంతులు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి. తిరిగి వచ్చేదాంట్లో లోటు 30 మిల్లీఆంపియర్లకి చేరేలోపే అది పడిపోతుంది. ఆ లోటంతా నీళ్లలోంచో, పైపులోంచో, మనిషిలోంచో భూమిలోకి పోతున్నట్టు లెక్క. ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. ఫ్యూజుకీ అంతే.

వోల్టేజీ మాటా నేను ఒప్పుకోను. వోల్టేజీ వల్లే అయితే గీజర్ వేసినప్పుడే ఎందుకు పడుతుంది?

ఇలా చేయించు. స్నానాలగదిలోకి వెళ్లకముందే మెయిన్ ఆపాలి. గీజర్ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే లాగేయాలి. స్విచ్ ఫేజుని మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే తగులుకుని ఉంటుంది. న్యూట్రల్ భూమికి తగిలినా ఆర్‌సీసీబీ పడుతుంది. తర్వాత ఎంసీబీలన్నీ దించి, మెయిన్ వేసి, ఆర్‌సీసీబీ మీటని పూర్తిగా కిందికి నొక్కి అప్పుడు పైకి ఎత్తాలి. ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ రావాలి. గీజర్ లేకుండా అన్నీ నిలబడితే దొంగ దొరికినట్టే. అమ్మగారు వేణ్ణీళ్లు పొయ్యి మీద కాచుకుంటారు, ఇన్సులిన్ చల్లగానే ఉంటుంది. ఆదివారం దాకా ఏదీ పీకక్కర్లేదు.

ఒక్కటి అడుగుతాను. కుళాయి ముట్టుకుంటే ఆవిడకి చెయ్యి జివ్వుమందా?

జయపురం:
ఆర్‌సీసీబీ ఊరికే పడదని చెప్పడం కూడా పూర్తి నిజం కాదండీ. మా ఇంట్లో ఆరు నెలలు ఏడిపించింది. ఇన్వర్టర్ బిగించినవాళ్లు దాని న్యూట్రల్‌ని ఆర్‌సీసీబీ దాటాక వేరే న్యూట్రల్‌తో కలిపేశారు. వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి కావడంతో లీకు లేకపోయినా లోటు కనిపించేది. న్యూట్రళ్లు విడదీశాక మళ్లీ పడలేదు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదీ చూపించండి.

గుణుపూర్ బాబాయ్:
సరే, గీజర్ దోషమే అనుకుందాం. ఒక్క గీజర్ చెడితే వంటింటి దీపం, ఫ్రిజ్, ఫ్యాను అన్నీ ఎందుకు ఆరిపోవాలి? దానికి జవాబు చెప్పండి.

వైరింగ్ పని, రాయగడ:
న్యాయమైన ప్రశ్న. ఇల్లంతటికీ ఆర్‌సీసీబీ ఒక్కటే కాబట్టి అన్నీ ఆరిపోతున్నాయి. గీజర్ లైనుకి విడిగా ఒక ఆర్‌సీబీవో పెడితే సరి. ఎంసీబీ పనీ ఆర్‌సీసీబీ పనీ రెండూ అదే చేస్తుంది. అది పడ్డప్పుడు మెయిన్‌లో ఉన్న ఆర్‌సీసీబీ కూడా పడకుండా ఉండాలంటే మిగతా లైన్లని కూడా విడగొట్టాలి, దానికి కొంచెం ఖర్చవుతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఆ ఖర్చు పెట్టమనే నేను చెబుతాను. పెట్టలేకపోతే చీకటినైనా భరించండి, రక్షణని మాత్రం తీయకండి.

పర్లాకిమిడి ఇల్లు:
ఆదివారం రాత్రి రాస్తున్నాను. ప్లగ్ తీసిన దగ్గర్నుంచి ఇల్లు నిలబడింది. ఇవాళ వేరే మిస్త్రీ వచ్చి ఎలిమెంటు ఊడదీశాడు. బోరు నీళ్ల సున్నం దాని చుట్టూ తెల్లగా పెచ్చుకట్టి ఉంది. గోటితో గీకితే పెచ్చు ఊడి, కింద రాగి గొట్టం మీద పగులు కనిపించింది. అంతకంటే నన్ను భయపెట్టింది ప్లగ్గు: ఆకుపచ్చ తీగ దేనికీ బిగించకుండా లోపల ఊరికే మడిచి ఉంది. గీజర్‌కి ఎర్తింగే లేదు. లీకయిన కరెంటు పాత ఇనప పైపు పట్టుకుని పోతోంది.

కుళాయి సంగతి అమ్మని అడిగాను. "వారం నుంచి చెయ్యి జిల్లుమంటోందిరా, చలికేమో అనుకున్నాను" అంది. నాతో ఫోన్లో కూడా ఒకసారి అందట, నేను పట్టించుకోలేదు. నేను "తీసేయండి" అని ఉంటే ఆవిడ సోమవారం కూడా అదే కుళాయి పట్టుకునేది.

ఎలిమెంటు మార్చాం, ఎర్తు తీగ బిగించాం, పెరట్లో ఎర్తు గుంత ఎండిపోయి ఉంటే నీళ్లు పోశాం. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. ఆర్‌సీబీవో వచ్చే నెల జీతానికి.

గుణుపూర్ బాబాయ్:
అమ్మ బాగుంది, అది చాలు. చీకటి గురించి నేనన్నమాట మాత్రం అలాగే ఉంది.

పర్లాకిమిడి ఇల్లు:
మీరన్నది మర్చిపోలేదు బాబాయ్. రేపు మిస్త్రీ మళ్లీ వస్తున్నాడు. ఆ బోర్డుని అమ్మ ఛాతీ ఎత్తుకి దించుతాం, పక్కనే చార్జింగ్ లైటు ఒకటి తగిలిస్తాం.