ప్రకాండేనా, అప్రకాండేనా? మాచిపత్రిని ఏమని రాయాలి?

ఆకుపసరు:
మాచిపత్రి హెర్బేరియం షీటుకి (ఎండబెట్టిన మొక్కని అతికించి దాచే అట్ట) తెలుగులో లేబుల్ రాస్తున్నాను. నీలగిరుల్లో సేకరించిన నమూనా, ఆర్టిమీసియా నీలగిరికా. నిలువెత్తు మొక్క. అడుగుభాగం కర్రలా గట్టిపడింది, మొదట్లోంచే నాలుగైదు కాండాలు లేచాయి. ఒక పుస్తకం పొద అంటుంది, ఇంకోటి పొదలాంటి బహువార్షికం అంటుంది. ‘గుల్మం’ అని రాసేద్దామని కూర్చుంటే చిన్నప్పుడు బట్టీపట్టిన అమరం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు) ముక్క ఒకటి బుర్ర తొలిచేస్తోంది: “ప్రకాండే స్తంభగుల్మౌ...” తర్వాత వల్లీ, లతా ఏదో వస్తుంది. ప్రకాండం అంటే బోదె కదా. బోదె ఉన్నది గుల్మమైతే, మన ఇంటర్ పుస్తకం మెత్తటి చిన్న మొక్కల్ని గుల్మాలు అనడమేంటి? పాదం సరిగ్గా ఎవరికైనా గుర్తుందా? లేబుల్ మీద ఏం రాయమంటారు?

వీధిబడి:
“అప్రకాండే స్తంబగుల్మౌ వల్లీ తు వ్రతతిర్లతా.” అమరంలో మొక్కల పేర్లుండే వనౌషధివర్గంలోది. మీరు అకారం మింగేశారు. బోదె లేనిదే గుల్మం.

దీర్ఘసూత్రి:
వేళ్ల మీద లెక్కపెట్టినా దొరికిపోతుంది. అ, ప్ర, కాం, డే, స్తం, బ, గు, ల్మౌ. అనుష్టుప్పులో పాదానికి ఎనిమిది ఉండాలి. ఆకుపసరు గారి పాదానికి ఏడే ఉన్నాయి, కుంటుతోంది.

అరసున్న:
లెక్క సరే గానీ ఆయన చెవిని మరీ తీసిపారేయకండి. దాని ముందు వచ్చేది “హ్రస్వశాఖాశిఫః క్షుపః”. గుక్క తిప్పుకోకుండా కలిపేస్తే “క్షుపోప్రకాండే” అవుతుంది. అకారం ఓకారంలో కలిసిపోయి చెవికి ‘ప్రకాండే’ అనే వినిపిస్తుంది. వల్లె వేయించేటప్పుడు పిల్లలందరూ అలాగే అరిచేవారని నా నమ్మకం.

దీర్ఘసూత్రి:
శ్లోకార్ధం చివర సంధి చెయ్యరండీ. అక్కడ విరామం ఉంది.

అరసున్న:
వ్యాకరణం చెయ్యనివ్వదు. బెత్తం పట్టుకున్న మాష్టారు చేయిస్తాడు.

నిఘంటువుపిచ్చి:
అందరూ అకారం దగ్గరే ఆగిపోయారు. అది స్తంభం కూడా కాదు, స్తంబం. ఒత్తు లేదు. స్తంభం ఒంటిగా నిటారుగా నిలబడేది, స్తంబం ఒకే మొదట్లోంచి గుబురుగా లేచేది. ఏనుగుని స్తంబేరమం అనేది అందుకే, గడ్డిదుబ్బుల్లో రమించేది కాబట్టి. ఈమధ్య ‘స్తంభేరమం’ అని అచ్చేస్తున్నారు, ఏనుగుని గుంజకి కట్టేసి ఉంటారు కాబట్టి అదే ఒప్పని వాదించేవాళ్లు కూడా తగిలారు. సరే, నాలుగైదు కాండాలు కలిసి లేచాయంటున్నారుగా, మీ మాచిపత్రి నిఖార్సైన స్తంబం. ‘దుబ్బు’ అని రాసేయండి.

ఆకుపసరు:
దుబ్బు అంటే వరిదుబ్బు అనుకోరూ? మొక్క వర్ణన పూర్తిగా పెడుతున్నాను, చూసి చెప్పండి. కాండం మీద నిలువు గీతలు. ఆకు ఈకలా చీలికలు చీలికలుగా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ చీలికలు తగ్గి సన్నబడుతుంది. ఆకు పైవైపు పచ్చగా, కిందివైపు బూడిద తెలుపు నూగు. నలిపితే ఘాటైన వాసన. పూలు చూస్తే చామంతికి చుట్టమని ఎవరూ నమ్మరు. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్లు, కొమ్మల చివర గుత్తులుగా లెక్కలేనన్ని. చామంతిలో మనం రేకులనుకునే కిరణ పుష్పకాలు దీనికి లేవు. శీర్షం అంచున సన్నని ఆడ పుష్పకాలు, మధ్యలో ద్విలింగ పుష్పకాలు, అంతే. గడ్డిచామంతి గింజని గాల్లో తేల్చే కేశగుచ్ఛం కూడా లేదు. పుప్పొడిని గాలే మోస్తుంది, ఇక ఈగనీ తేనెటీగనీ పిలవడానికి ఆర్భాటం ఎందుకు.

వీధిబడి:
పేరు కింద చరిత్ర కూడా ఒక ముక్క వేయండి. వృక్షశాస్త్రవేత్త క్లార్క్ 1876లో ‘కాంపోజిటే ఇండికే’లో దీన్ని విడిగా గుర్తించలేదు, లిన్నేయస్ పెట్టిన ఆర్టిమీసియా వల్గారిస్‌లోనే ఒక రకంగా చూపించాడు. జాతి హోదా 1926లో పాంపనీని అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త ఇచ్చాడు. మన మూలికల పుస్తకాల్లో మాచిపత్రి పక్కన ఇప్పటికీ వల్గారిస్ అని కనబడేది అందుకే. అన్నట్టు, నిలగిరికా అనాలా, నీలగిరికా అనాలా? లాటిన్ స్పెల్లింగులో ‘ఎన్’ తర్వాత ఒకటే ‘ఐ’ ఉంది, దీర్ఘానికి గుర్తేమీ లేదు.

అరసున్న:
కొండ మనది, దీర్ఘం మనమే పెట్టుకోవాలి. దీర్ఘాల మాటకొస్తే వినాయకచవితి పుస్తకంలో “సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి”, బజారులో “అమ్మా మాచిపత్రీ”. ఒకచోట గుడి దీర్ఘమైతే ఇంకోచోట హ్రస్వం. ఏది ముందు?

దీర్ఘసూత్రి:
ఒకటి సంస్కృత సమాసం, ఒకటి తెలుగు మాట. గొడవేముంది? దానికి వేరే చర్చ పెట్టుకోండి.

మేడమీదిగది:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. అసలు ప్రశ్న గుల్మం గురించి. భాగవతంలో కృష్ణుడి సఖుడు ఉద్ధవుడు ఏమని కోరుకున్నాడు? “బృందావనే కిమపి గుల్మలతౌషధీనాం.” గోపికల పాదధూళి తగిలితే చాలు, బృందావనంలో గుల్మమో లతో ఓషధో ఏదో ఒకటిగా పుట్టినా చాలునన్నాడు. మూడూ వేరువేరు. గుల్మమే చిన్న మొక్క అయితే పక్కన ఓషధి ఎందుకు? మనువు “ఓషధ్యః ఫలపాకాంతాః” అన్నాడు, అంటే కాసి పండగానే చచ్చిపోయేవి. మాచిపత్రి అలా చావదు, భూమిలో ఉన్న కాండం నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి అది ఔషధమే గానీ ఓషధి కాదు. అమరంలో చూసినా భాగవతంలో చూసినా గుల్మమే. మన పాఠ్యపుస్తకాలవాళ్లు ‘పొద’ అనే తెలుగు మాటని పొదకి ఇచ్చేశాక, చేతిలో మిగిలిపోయిన సంస్కృతం మాటని చిన్న మొక్కకి అంటగట్టారని నా అనుమానం.

దీర్ఘసూత్రి:
మేడమ్, పారిభాషిక పదాన్ని వ్యుత్పత్తితో తూచకూడదు. ఇంటర్‌లో బైపీసీ చదివిన ప్రతి పిల్లకీ గుల్మం అంటే మెత్తటి కాండం ఉన్న మొక్క. లేబుల్ చదివేది వాళ్లు, అమరసింహుడు కాదు. పైగా ఆ మాట ఇప్పటికే మోయలేనంత మోస్తోంది. వైద్యుడికి గుల్మం కడుపులో గడ్డ. భారతం చదివినవాడికి అదొక సేనాదళం: 9 ఏనుగులు, 9 రథాలు, 27 గుర్రాలు, 45 మంది కాలిబంట్లు.

నిఘంటువుపిచ్చి:
ఆ 9 ఏనుగులూ స్తంబేరమాలే. ఒత్తు లేకుండా.

వీధిబడి:
ఒక మాట. చామంతి కుటుంబం అనగానే ‘చిన్న మొక్క’ అనే ఊహ ఉంది చూశారూ, అదే ఈ తికమకకి మూలం. కిలిమంజారో మీద డెండ్రోసెనీసియో ఉంది, అదీ ఈ కుటుంబమే. మనిషిని మించి ఎదిగే బోదె, పైన ఆకుల గుత్తి. ఎండిన ఆకులు రాలిపోకుండా బోదెకి కంబళిలా చుట్టుకుని రాత్రిపూట గడ్డకట్టే చలి నుంచి కాపాడతాయి. దాన్ని మాత్రం ఎవరూ అప్రకాండం అనలేరు. రూపాన్ని కుటుంబం పేరుని బట్టి తేల్చలేం, మొక్క పక్కన నిలబడి చూడాల్సిందే.

ఆకుపసరు:
అయితే ‘పొద’ అనే రాయనా? షీటు రేపు అతికించాలి.

మేడమీదిగది:
బోదె మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ప్రకాండానికి అమరం ఇచ్చిన ఇంకో పేరు గుర్తుందా? “అస్త్రీ ప్రకాండః స్కంధః స్యాత్.” స్కంధం! పోతన గారు భాగవతాన్ని కల్పతరువు చేసింది ఈ మాట మీదే కదా. “లలితస్కంధము, గృష్ణమూలము, శుకాలాపాభిరామంబు...” బోదె స్కంధమే, పుస్తకంలో భాగమూ స్కంధమే. చిలక శుకమే, చెప్పినవాడూ శుకుడే. చెట్టు పాదు ఆలవాలం, ఆ పాదు కట్టినవాడు వ్యాసుడు. వృక్షశాస్త్రం క్లాసు మొత్తం ఒక్క మత్తేభంలో చెప్పేశాడు మహానుభావుడు.

అరసున్న:
అంతా బాగుంది గానీ బోదె లలితంగా ఉండటమేంటండీ? కల్పవృక్షానికి బలమైన బోదె ఉండాలి. పుస్తకం స్కంధాలకి లలితం అతుకుతుంది, చెట్టుకి అతకదు. యతి కోసం తెచ్చుకున్న లకారం కాదూ అది? ‘ల’కి ‘శుకాలాప’లో ‘లా’.

మేడమీదిగది:
పోతన గారికి యతి కోసం మాట వెతుక్కునే గతి పట్టిందా? లలితం అంటే మెత్తదనే ఏముంది, సుందరమని కూడా. నున్నగా, ముచ్చటగా ఉన్న బోదె. స్కంధం అంటే భుజం కూడానని మర్చిపోకండి, దానికి లలితం ఎంత చక్కగా అతుకుతుందో చూడండి.

నిఘంటువుపిచ్చి:
మీరిద్దరూ లకారం మీద కొట్టుకుంటున్నారు, నన్ను ఆపింది గకారం. గృష్ణమూలమా, కృష్ణమూలమా? తెనుగుల మీది సాంస్కృతిక పరుషాలకు గసడదవలు రావని, అంటే తెలుగు మాట తర్వాత వచ్చిన సంస్కృత మాటలో క చ ట త ప లు గ స డ ద వ లు కావని, చిన్నయసూరి చెప్పాడు. ‘గృష్ణ’ ఎలా వచ్చింది?

దీర్ఘసూత్రి:
‘స్కంధము’ తెనుగెప్పుడైంది? తత్సమం కదా. ఆ నిషేధం దీనికి తగలదు. ప్రథమా విభక్తి మీది పరుషం, గసడదవలు నిక్షేపంగా వస్తాయి.

నిఘంటువుపిచ్చి:
వస్తే రావచ్చు, రాకపోతే నేరం కాదు. ‘కృష్ణమూలము’ అని ఉంచితే చెవిలో కృష్ణుడు వెంటనే పలుకుతాడు. ‘గృష్ణ’ అంటే ఒక క్షణం ఆలోచించాలి.

మేడమీదిగది:
ఆ క్షణం ఆలోచించాలనేగా ఆయన శ్లేష వేసింది! మీ దగ్గర ఏ ప్రతి ఉంది? పీఠికలోని ఆ పద్యం ఫొటో పెట్టండి.