విదేశీ వీసాకు ప్రోగ్రామర్ దగ్గర సంబంధిత డిగ్రీ ఉండి తీరాలా?

బీకాం_కోడర్:
బీకాం చదివి, అమీర్‌పేటలో జావా నేర్చుకుని, తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ప్రోగ్రామరుగా పనిచేస్తున్నాను. కంప్యూటర్ సైన్సు చదివినవారు రాసిన కోడును సరిదిద్దేదీ నేనే. అయినా అమెరికా మాట ఎత్తగానే కన్సల్టెన్సీవారు నా డిగ్రీ చూసి పెదవి విరుస్తున్నారు. పని చేతనైనవాడికి పట్టా అడ్డుపడడం న్యాయమేనా?

డాలస్_వాసి:
న్యాయం సంగతి తరువాత, ముందు నిబంధన చూద్దామండి. అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బిలో మొదటి పరీక్ష ఉద్యోగానికే. ఆ పనికి ఒక నిర్దిష్ట రంగంలో కనీసం బ్యాచిలర్ డిగ్రీ అవసరమని కంపెనీ నిరూపించాక, అభ్యర్థికి ఆ డిగ్రీ గాని, దానికి సమానమైన అర్హత గాని ఉందా అని చూస్తారు. ప్రోగ్రామర్ అన్న హోదా ఒక్కటే ఇందుకు చాలదని 2017 మార్చిలో అక్కడి వలస సేవల సంస్థ మెమో ఇచ్చింది. 2020 డిసెంబరులో ఇన్నోవా సొల్యూషన్స్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అటువంటి వాదనతో చేసిన వీసా తిరస్కరణను తప్పుపట్టడంతో, 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థ తన మెమోను ఉపసంహరించుకుంది. అంతమాత్రాన డిగ్రీ నిబంధన పోలేదు.

బెర్లిన్_బాటసారి:
డిగ్రీ లేకపోతే పనే రాదన్నట్టు మాట్లాడడం నాకు నచ్చదు. జర్మనీ 2023 నవంబరు నుంచి ఐటీ నిపుణులకు డిగ్రీ లేకున్నా బ్లూ కార్డు, అంటే అక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఇస్తోంది. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయికి తగిన పని చేసి ఉండాలి, జీతం నిర్ణీత పరిమితికి తగ్గకూడదు. జపానులోనూ పదేళ్ల అనుభవాన్ని డిగ్రీకి బదులుగా అంగీకరిస్తారు.

డాలస్_వాసి:
అమెరికాలోనూ అనుభవానికి లెక్క ఉంది. తక్కువైన ఒక్కో ఏడాది కళాశాల చదువుకు మూడేళ్ల సంబంధిత అనుభవం చూపాలి. అమెరికా బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లది కనుక, అసలు డిగ్రీయే లేనివారికి నాలుగు మూళ్లు పన్నెండేళ్లు. మీది మూడేళ్ల బీకాం కనుక ఒక్క ఏడాదే లోటని ధీమా పడకండి, ఆ మూడేళ్లూ కామర్సు. పైగా ఆ రంగంలో డిగ్రీ ఉన్నవారితో కలిసి పనిచేస్తూ సంపాదించిన అనుభవమేనని కూడా చూపాలి. విచిత్రమేమిటంటే, మీరు ఎవరి కోడు సరిదిద్దారో వారి పట్టాలే ఇక్కడ మీకు సాక్ష్యం! అయితే ఈ సర్దుబాటు గ్రీన్‌కార్డు దాకా రాదు. పైస్థాయి డిగ్రీలవారికి గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-2 వర్గంలో అనుభవం బ్యాచిలర్ డిగ్రీకి బదులు కాదు.

అమీర్‌పేట_పాతకాపు:
ఒక్క మాట. అనుభవంతో సరిపెట్టవచ్చని వినగానే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లేఖలు అమ్మేవారు తయారవుతారు. అది బయటపడితే ఒక్క దరఖాస్తుతో పోదు, అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. పట్టా అడగడం నాకూ చిరాకే, కానీ ఆ పట్టుదలకు మనవాళ్ల లేఖలు కూడా కొంత కారణమని నా అనుమానం.

బీకాం_కోడర్:
నా లేఖలన్నీ నిజమైనవేనండి. చిక్కల్లా మొదటి కంపెనీ మూతపడడమే. అప్పటి టీమ్ లీడర్ ఎంసీఏ, ఇప్పుడు పుణెలో ఉన్నారు. ముందు ఆయన చేత నా పని వివరాలు రాయించి, ఆ తరువాత బెర్లిన్ మిత్రుడు చెప్పిన దారిలో దరఖాస్తు మొదలుపెడతాను.