తొమ్మిదో తరగతి పిల్లలకు శ్వాస అభ్యాసం: కొనసాగించాలా, మార్చాలా?

ప్రశ్న: గురుకుల ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

నేను బాలికల గురుకులంలో తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. స్లిప్ టెస్ట్ మార్కులు చెప్పిన రోజున, తల్లిదండ్రులు వచ్చి వెళ్లిన సాయంత్రాల్లో, పిల్లల మధ్య చిన్న మాటకే పెద్ద గొడవలు రేగుతున్నాయి. కొందరైతే స్టడీ అవర్ అంతా ఏడుస్తూనే కూర్చుంటున్నారు. అందుకే ఉదయం ప్రార్థన తరువాత ఐదు నిమిషాలు కళ్లు మూసుకొని శ్వాస మీద ధ్యాస పెట్టమంటున్నాను. సగం మందికి నవ్వు ఆగడం లేదు. కళ్లు మూసుకుంటే గుండె దడ ఎక్కువవుతోందని ఒక అమ్మాయి చెప్పింది. గొడవ మధ్యలో ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అంటే వినే వాళ్లే లేరు. ఈ పద్ధతిని ఎలా మార్చుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖపట్నం

మేడమ్, ముందుగా ‘గట్టిగా పీల్చుకో’ అనడం మానేయండి. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో తగ్గుతుంది. కాబట్టి ఉద్రేకంలో ఉన్న పిల్లకు కావలసింది నిదానంగా, ఎక్కువసేపు వదిలే ఊపిరి. ఆత్రంగా వరుసపెట్టి పెద్ద ఊపిరులు తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి, భయం మరింత పెరుగుతుంది. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, 6 అంకెలు లెక్కపెట్టేంత సేపు వదిలితే నిమిషానికి సుమారు 6 శ్వాసలవుతాయి. అంత నిదానం కుదరని వారు 3 అంకెల సేపు పీల్చి, 4 అంకెల సేపు వదలడంతో మొదలుపెట్టవచ్చు.

ఆ అమ్మాయిని మాత్రం బలవంతపెట్టకండి. దృష్టిని లోపలికి మళ్లించడమే కొందరికి ఆందోళన కలిగిస్తుంది, ముఖ్యంగా భయపెట్టిన అనుభవాలు ఉన్నవారికి. కళ్లు తెరిచి, అరచేతులు బల్లకు ఆనించి, ఎదుట ఉన్న ఒక వస్తువును చూస్తూ చేయనివ్వండి. వద్దంటే ఊరికే కూర్చోనివ్వండి. మిగతా వేళల్లోనూ దడ వస్తుంటే డాక్టరుకు చూపించాలి. మానసిక సమస్యల మీద సలహాకు ప్రభుత్వ ఫోన్ సహాయ సేవ టెలీ మానస్ 14416 ఉంది, అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.

జవాబు: వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం

ప్రార్థనలో అంతసేపు నిలబడి వచ్చిన పిల్లలను మళ్లీ కదలకుండా కూర్చోమంటే నవ్వు రాక ఏమొస్తుంది? ముందు కదలనివ్వండి. నేను సూర్య నమస్కారాలను పోటీలా గబగబా కాకుండా, చేతులు పైకెత్తేటప్పుడు పీల్చడం, ముందుకు వంగేటప్పుడు వదలడం తెలిసేంత నెమ్మదిగా చేయిస్తాను. చోటు లేకపోతే రెండు చేతులతో గోడను బలంగా నెట్టి, ఒక్కసారిగా సడలించమంటాను. భుజాలు ఎంతగా బిగుసుకున్నాయో అప్పుడుగాని వాళ్లకే తెలియదు. ఆ తరువాత రెండు నిమిషాల శ్వాస చాలు. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లలతో వేగంగా, బలంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక చేయించవద్దు.

ఇంకొక మాట: తరగతి గోల చేసినప్పుడు ‘అందరూ ధ్యానంలో కూర్చోండి’ అనే అలవాటు చాలా చోట్ల చూశాను. నా దృష్టిలో అది గుంజీలకు పెట్టిన కొత్త పేరు.

జవాబు: బీఎడ్ కళాశాల అధ్యాపకురాలు, హైదరాబాద్

పై సూచనలతో ఏకీభవిస్తాను, కానీ అతిగా ఆశించవద్దు. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో జరిపిన మిరియడ్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా చెప్పే సామాజిక, భావోద్వేగ పాఠాలకంటే మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే) పాఠాలు పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేయలేదని తేలింది. ఎక్కువమంది పిల్లలు తరగతి బయట సాధన చేయనే లేదు. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2018లో మొదలైన హ్యాపీనెస్ కరిక్యులమ్‌లో ధ్యానంతో పాటు కథలు, చర్చలు కూడా ఉండేవి, అది నాకు అందుకే సబబుగా తోస్తుంది. మార్కులను అందరి ముందు చదవడం మీ బడిలో ఆనవాయితీ అయితే, ఊపిరి సంగతి తరువాత, ముందు దాన్ని ఆపించండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. మార్కులు చదివి వినిపించే పద్ధతి గురించి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. సాయంత్రం ఆటల తరువాత, స్టడీ అవర్‌కు ముందు అభ్యాసం పెట్టాలనుకుంటున్నాను. మరి గొడవ జరుగుతున్నప్పుడు ఏం చేయాలి?

జవాబు: క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖపట్నం

ఆ సమయం మంచిది. గొడవ మధ్యలో కొత్తగా ఏదీ నేర్పలేం. ఇద్దరినీ విడదీసి, మంచినీళ్లిచ్చి, వరండాలో కాసేపు నడవనివ్వండి, మీరు తక్కువ స్వరంతో మాట్లాడండి. శ్వాసను ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేసి, తరువాత స్లిప్ టెస్ట్ పేపర్లు పంచే ముందు రెండు మూడు సార్లు వాడించి చూడండి.