ఆగిపోయిన తరగతి గదులన్నీ పూర్తి చేయాలా, అవసరం తేల్చాకే నిధులివ్వాలా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు:

ప్రభుత్వ బడులను బాగుచేసేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ పథకం తొలి విడతలో 15,000కు పైగా బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీలు సమకూరాయి. 2021 ఆగస్టులో మొదలైన రెండో విడతలో అదనపు తరగతి గదులు చేరాయి; చిక్కంతా అక్కడే వచ్చింది. మా మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో పిల్లర్లు లేచి పని నిలిచిపోయింది, పిల్లలు వరండాలో కూర్చుంటున్నారు. ఏ ప్రభుత్వం మొదలుపెట్టినా ఖర్చయింది ప్రజాధనమే కనుక, కొత్తగా ఒక్క గది మంజూరు చేసే ముందు ఇలా ఆగినవన్నీ పూర్తి చేయాలన్నది నా వాదన. కాదనేవారు కారణం చెప్పాలని కోరుతున్నాను.

సివిల్ ఇంజినీరు, విజయవాడ:

మాస్టారూ, అన్నింటినీ ఒకే గాటన కట్టడంతోనే నాకు పేచీ. 2022లో 117వ జీవో ప్రకారం ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు అక్కడ గదుల అవసరం ఒక్కసారిగా పెరిగింది. 2025లో ఆ జీవోను పక్కనబెట్టాక చాలాచోట్ల ఆ తరగతులు తిరిగి ప్రాథమిక పాఠశాలలకు వెళ్లాయి. పిల్లలు వెళ్లిపోయిన చోట శ్లాబు వేసి, పిల్లలు తిరిగి వచ్చిన చోట చెట్టు కింద పాఠం చెబితే దాన్ని పొదుపు అనలేము.

ఇక కట్టడం సంగతి. ఎండకూ వానకూ వదిలేసిన చువ్వలకు పైపైన తుప్పు పడితే బ్రష్‌తో గీకి పని కొనసాగించవచ్చు. తుప్పు పొరలు పొరలుగా ఊడి చువ్వ మందం తగ్గితే మాత్రం, దానికి కొత్త చువ్వ అతికి కాంక్రీటు పోయకూడదు. గట్టి ఇనుము దొరికేదాకా పాత కాంక్రీటు చెక్కాలి. పని ఆపేటప్పుడు చువ్వలకు సిమెంటు పాలు పూసి వెళ్లి ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పేవి, కానీ బిల్లు రాని మేస్త్రీని ఆ పని చేయలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో మరో సమస్య ఉంది: వానాకాలంలో ఉబ్బి వేసవిలో నెర్రెలిచ్చే ఆ నేల, పై బరువు లేని పునాదిని కదిలిస్తుంది. అందువల్ల ప్రతి కట్టడాన్నీ పరీక్షించి, పాత ఎస్టిమేటును ఇప్పటి ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ పనుల ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో సవరించాకే నిర్ణయం తీసుకోవాలి.

ఒక విద్యార్థి తల్లి, అజిత్‌సింగ్ నగర్:

ఇంజినీరు గారూ, మీ పరీక్షల్లో నీటి మట్టం కూడా చేర్చండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు ఈ ప్రాంతం ఎన్ని రోజులు నీళ్లలో నానిందో నగరమంతా చూసింది. అరుగు ఎత్తు తేల్చకుండా ఇక్కడ గది కట్టడంలో అర్థం లేదు. మరొక విషయం: పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం సాయం కింద 15,000 రూపాయలకు గాను మా చేతికి 13,000 వస్తున్నాయి, మిగతా 2,000 బడుల నిర్వహణకని మినహాయిస్తున్నారు. ఆ సొమ్ము మా బడికి ఎంత వచ్చింది, మరుగుదొడ్ల శుభ్రతకు ఎంత పోయింది అన్న లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టమని అడగడం మా హక్కు.

ఆడిట్ శాఖ విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట:

డబ్బు వచ్చే దారులు వేరైనప్పుడు ఒకే వరుస పెట్టడం కుదరదు. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్షలో కేంద్ర, రాష్ట్ర వాటాలు 60:40. రాష్ట్రం తన వాటా జమ చేయకపోతే కేంద్రం నుంచి తరువాతి విడత సొమ్ము కదలదు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు వద్ద 1995-96లో ఏర్పడిన గ్రామీణ మౌలిక వసతుల నిధి ఆర్‌ఐడీఎఫ్ నుంచి తీసుకునేది అప్పు, అదీ గ్రామీణ పనులకే. నగరపాలక సంస్థ బడికి అది అక్కరకు రాదు. కాబట్టి పల్లె బడికి, పట్టణ బడికి జాబితాలు విడివిడిగా ఉండక తప్పదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు:

జాబితాలు విడివిడిగా ఉండటానికి నాకు అభ్యంతరం లేదు, కానీ వాటిని ఎవరు తయారు చేస్తారు? పరీక్షలు, సవరణల పేరుతో ఫైలు ఇంకో రెండేళ్లు తిరిగితే ఆ చువ్వలు కూడా మిగలవు. విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళికను తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీయే తయారు చేయాలి, గ్రాంట్లకు అదే ఆధారం కావాలి. ఆచరణలో జరుగుతున్నది వేరు: పైనుంచి వచ్చిన నమూనాలో హెచ్‌ఎం అంకెలు నింపుతారు, కమిటీ సభ్యులు సంతకాలు పెడతారు.

సివిల్ ఇంజినీరు, విజయవాడ:

కమిటీ అవసరం చెప్పగలదు, పిల్లరు బలం చెప్పలేదు మాస్టారూ. గదులు కావాలా వద్దా అన్నది తీర్మానం చేసి కమిటీ పంపాలి; పరీక్ష నివేదికను ఇంజినీరు గడువులోగా సంతకంతో ఇవ్వాలి; గది పూర్తయ్యేదాకా అయ్యే మొత్తం ఆ బడి పద్దులో పడ్డాకే తాపీ పట్టాలి. మీరు చెప్పిన పాఠశాల ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో కనుక్కొని రాయగలరా?