మాస్టారు తోస్తే అందరూ ఎగిరిపడుతున్నారు, నేను కదల్లేదు. లోపలి శక్తి నిజమేనా?

ఉదయంనడక:
సింగపూర్‌లో ఉంటాను. ఏడాదికి పైగా ఇంటి దగ్గర పార్కులో తాయ్‌చీ, అంటే నెమ్మదిగా కదులుతూ చేసే చైనా యుద్ధవిద్య, నేర్చుకుంటున్నాను. కుర్చీలో కూర్చుని పట్టేసిన నడుము దీనివల్లే తేలికపడింది, అందులో నాకు అనుమానం లేదు. అనుమానమల్లా నేయ్‌జిన్ మీద, అంటే మాస్టారు చెప్పే లోపలి శక్తి మీద. బొడ్డు కింద 'చీ'ని, అంటే ప్రాణశక్తి లాంటిదాన్ని, కూడగట్టి, కండబలం వాడకుండా అరచేతిలోంచి వదలొచ్చంటారు. ఆయన చెయ్యి ఆనిస్తే చాలు, సీనియర్లు నాలుగడుగులు వెనక్కి గెంతుతారు.

పోయిన ఆదివారం నా వంతు వచ్చింది. అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టారు. వెచ్చగా ఉంది, అంతే. రెండోసారి తోస్తే మడమ కొంచెం లేచింది, మళ్ళీ నిలదొక్కుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు ఒక సీనియర్, "నువ్వు బిగుసుకున్నావు, అందుకే చీ అందలేదు. మాస్టారికి మర్యాద ఇవ్వాలి కదా" అన్నాడు. అప్పట్నుంచి క్లాసంటే టెన్షన్‌గా ఉంది. ఇది నాకింకా రాని విద్యా, అసలు లేని విద్యా?

జూడోపాతబెల్టు:
తమ్ముడూ, పదేళ్ళు జూడో చేశాక ఆరేళ్ళు తుయ్‌షో చేశాను, తాయ్‌చీలో ఇద్దరు చేతులు ఆనించి తోసుకునే సాధన. నేనూ గెంతినవాణ్ణే. గెంతమని ఎవరూ చెప్పలేదు. గెంతితే మాస్టారు తలూపేవారు, గెంతకపోతే మళ్ళీ తోసేవారు. ఒంటికి అదే అలవాటైపోయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన చెయ్యి తగలకముందే నా మడమలు లేచేవి. నటిస్తున్నానని నాకే తెలియలేదు. ఒకరోజు మా జూడో కుర్రాడొకడు చూడ్డానికి వచ్చి ఆయన కాలర్ పట్టుకుని నిలబడ్డాడు. ఎంత తోసినా జరగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2017లో చైనాలోని చెంగ్డూలో తాయ్‌చీ మాస్టర్ వెయ్ లెయ్, ఎంఎంఏ (రకరకాల పోరాట విద్యలు కలిపి ఆడే పోటీ) ఫైటర్ షూ షియావ్‌డాంగ్ ముందు అర నిమిషం కూడా నిలవలేదు. 2020లో ఇంకో తాయ్‌చీ మాస్టర్, 'మా బావ్‌గ్వో' అనే ఆయన, 69 ఏళ్ళ వయసులో బరిలో దిగి, దాదాపు అర నిమిషంలోనే మూడుసార్లు పడిపోయాడు. ఆ పెద్దాయన్ని చూసి నవ్వినవాళ్ళంటే నాకు కోపం. చుట్టూ ఉన్నవాళ్ళు రోజూ గెంతుతుంటే ఏ మాస్టారైనా తన చేతిలో ఏదో ఉందనే నమ్ముతాడు. 1954లో మకావులో ఊ శైలి తాయ్‌చీ పెద్ద ఊ గోంగ్‌యీ, వైట్ క్రేన్ అనే మరో చైనా యుద్ధవిద్య మాస్టర్ చాన్ హాక్‌ఫూతో తలపడిన పాత ఫిల్మ్ ఉంది, చూడు. మామూలు గుద్దులూ తన్నులే. రెండో రౌండ్లో ఆపేశారు, విజేతను ప్రకటించలేదు.

కానీ రెండోసారి తోస్తే నీ మడమ లేచిందన్నావే, అసలు విద్య అక్కడుంది. ఎదుటివాణ్ణి కాస్త కింద నుంచి పైకి, ముందుకి తోస్తే వాడి పాదాల మీద బరువు తగ్గుతుంది, నేల మీద పట్టు సడలుతుంది. ఇక కొద్దిపాటి బలం చాలు. ఆ బలం కాళ్ళలోంచి, తుంటిలోంచి వస్తుంది కాబట్టి భుజం బిగియదు, తోసినట్టు కనిపించదు. దీనికి ఏళ్ళ సాధన కావాలి, దాన్ని నేను గౌరవిస్తాను. బరువు చూసే మెషీన్ ఎక్కి ఎవరినైనా మోచేతుల కింద నుంచి అలా తోసి చూడు, వాళ్ళ పాదాల మీద తగ్గిన బరువు నీ మెషీన్ మీద పెరిగి కనిపిస్తుంది.

ఫిజియోఅక్క:
ఆ వెచ్చదనం గురించి ఒక్క మాట. చేతులు వదులుగా ఉంచి ధ్యాస అక్కడే పెడితే రక్తనాళాలు విచ్చుకుని అరచేతులు వెచ్చబడతాయి. ఇంకొకటి, తాయ్‌చీ చేసే పెద్దవాళ్ళు పడిపోవడం తగ్గుతుందని చాలా పరిశోధనల్లో తేలింది. మోకాళ్ళు కాస్త వంచి, బరువును నెమ్మదిగా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం మంచి సాధన. నడుము బాగుందన్నారుగా, మానకండి.

ఉదయంనడక:
అన్నా, అక్కా, థ్యాంక్స్. రాత్రి మెషీన్ ఎక్కి మా ఆవిడ మోచేతుల కింద చేతులు పెట్టి తోశాను. 71 కిలోలు చూపించేది 77 అయింది, తను ఒక అడుగు వెనక్కి వేసింది. నాకు చీ గురించి ఏమీ రాదు. ఆదివారం క్లాసుకు వెళ్తాను. నా వంతు వస్తే గెంతను, ఆ మడమ ఎలా లేపారో మాస్టారినే అడుగుతాను.